జంక్షన్ తమ్ముళ్లకి: పౌడరు డబ్బా కొనే ముందు నాలుగు మాటలు

పోస్టు కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

హనుమాన్ జంక్షన్ చుట్టుపక్కల తండాల నుంచి, ఎరుకల, యానాది కాలనీల నుంచి మన పిల్లలు జిమ్ముకి పోతున్నారు. కానిస్టేబుల్ ఫిజికల్స్ కోసం కొందరు, ఆట మీద ఇష్టంతో కొందరు. సంతోషం. కానీ చాలామంది అడిగేది ఒకటే: "అన్నా, టెస్టోస్టిరాన్ పెరగాలంటే ఏం వాడాలి?" ముందు డబ్బా, తర్వాత సూది. ఈ హార్మోన్ పిచ్చి మన జేబుకీ ఒంటికీ చేటని నా అభిప్రాయం.

బరువులు ఎత్తగానే టెస్టోస్టిరాన్, గ్రోత్ హార్మోన్ పెరిగే మాట నిజమే. గంట, గంటన్నరలో మళ్లీ మామూలుకి దిగిపోతాయి. కండ వచ్చేది ఆ కాసేపటి పెరుగుదల వల్లేనా? కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్లు దీన్ని పరీక్షించి 2010లో ఫలితాలు ప్రచురించారు. ఒకే మనిషికి ఒక చేతికి ఉత్త చేతి వ్యాయామం. రెండో చేతి వ్యాయామం అయ్యాక హార్మోన్లు బాగా పెరిగేలా కాళ్లకీ కష్టమైన వ్యాయామం. 15 వారాల తర్వాత చూస్తే కండలో, బలంలో రెండు చేతులకీ తేడా లేదు.

మరి బలం ఎలా వస్తుంది? మొదటి వారాల్లో నరాలు కండరాన్ని ఎక్కువగా పనిలోకి దించడం నేర్చుకుంటాయి. తర్వాత కండ పెరుగుతుంది. దానికి బరువు కొద్దికొద్దిగా పెంచుతూ పోవాలి. నూజివీడు తోటల్లో మామిడి పెట్టెలు మోసే మనవాళ్ల బలం ఒక దశ దాటి పెరగదు. ఎందుకంటే మోసే బరువు రోజూ అదే, ఒళ్లు దానికి అలవాటు పడిపోతుంది. పెంచే బరువుకి గుడ్డు, పప్పు, పాలు, కంటినిండా నిద్ర తోడవ్వాలి.

బాపట్ల జిల్లా స్టువర్టుపురం చూడండి. బ్రిటిష్‌వాళ్లు ఎరుకలవాళ్లకి నేరస్థ జాతి అని ముద్రేసి పెట్టిన సెటిల్‌మెంట్ అది. ఆ ఊరి రాగాల వెంకట రాహుల్ 2018 కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో మొత్తం 338 కిలోలు ఎత్తి స్వర్ణం తెచ్చాడు.

చెల్లెళ్లూ, ఇది మీకు కూడా. ఆడవాళ్లలో టెస్టోస్టిరాన్ మగవాళ్ల కంటే ఎన్నో రెట్లు తక్కువ. అయినా శ్రీకాకుళం ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది.

సూదితో కండ రాదని అనను, వస్తుంది. కానీ బయట నుంచి హార్మోన్ ఎక్కిస్తే మెదడు సొంత తయారీని ఆపేయిస్తుంది. వృషణాలు కుంచించుకుపోతాయి, వీర్యకణాలు పడిపోతాయి, గుండెకి ముప్పు. పోటీల్లో దొరికితే నాలుగేళ్ల దాకా నిషేధం. అదీగాక మనవాడు దొరికితే వాడొక్కడితో ఆగదు, "వీళ్లింతే" అని జాతి మొత్తాన్నీ అంటారు. ఆ ముద్ర ఎంత బరువో మనకి తెలుసు.

డబ్బాలకి పెట్టే డబ్బులు పదిమంది కలిపితే ఒక బార్‌బెల్ సెట్టు వస్తుంది. హాస్టల్లో గుడ్డు సరిగా పెట్టమని, వ్యాయామం నేర్పే సారుని వేయమని కలిసి అడుగుదాం. అర్జీ నేను రాస్తా. సంతకానికి ఎవరెవరు వస్తారో కింద పేరు పెట్టండి.