గుప్తేశ్వరానికి కారెందుకు?

శివరాత్రి వచ్చిందంటే విజయనగరం, పార్వతీపురం వైపు నుంచి కార్లు సాలూరు ఘాటు ఎక్కి, ఒడిశాలోని కొరాపుట్, జయపురం దాటి గుప్తేశ్వరం గుహ శివాలయం బాట పడతాయి. డిక్కీలో కొబ్బరికాయల పక్కన సౌండు బాక్సు. దర్శనానికో గంట, కొలాబ్ నది ఒడ్డున వంటకూ పాటలకూ ఒక పూట.

భక్తిని తప్పుపట్టను, వనభోజనాన్ని అసలే కాదు. నా పేచీ ఆ బాక్సుతో, ఆ కారుతో. మనం వెళ్లేది ఒక్క గుడికే కాదు మరి. గుప్తేశ్వరాన్ని ఆనుకుని ధోండ్రాఖోల్ రిజర్వు అడవిలోని 350 హెక్టార్లను ఒడిశా ప్రభుత్వం 2024లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది.

అక్కడి సున్నపురాయి గుహల్లో శివుడికి ఇరుగుపొరుగు గబ్బిలాలే. దక్షిణ ఒడిశాలో కనిపించే 16 రకాల్లో 8 ఇక్కడున్నాయి. జాషువా ‘గబ్బిలం’లో గుడి గడప తొక్కనివ్వని మనిషి తన గోడును గబ్బిలం చేత కాశీ శివుడికి చెప్పి పంపాడు. ఇక్కడ అంత దూరం ఎగరక్కర్లేదు, కాపురమే శివుడి పక్కన. మనవాళ్లు చేసేదేమిటి? సెల్‌ఫోన్ లైటు గుహ కప్పు మీదికి తిప్పి ‘అదిగో, అదిగో’ అని కేకలు. పట్టపగలు బెదిరి లేచిన గబ్బిలానికి రాత్రి పురుగుల వేటకు ఉండాల్సిన సత్తువ అప్పుడే కరిగిపోతుంది. పొట్టకు పిల్ల కరుచుకుని ఉంటే ఆ పిల్ల జారిపడొచ్చు కూడా.

ఇక ఒడ్డున వదిలేసిన ప్లాస్టిక్ గ్లాసుల సంగతి. ఈ కొలాబే కిందికొచ్చి మన శబరి, కూనవరం దగ్గర గోదావరిలో కలిసేది. పరాయి రాష్ట్రం చెత్త కదా అనుకోవడానికి లేదు.

రద్దీ రోజుల్లో కార్లను దారిలోని రామగిరి దగ్గరే ఆపి, అక్కణ్నుంచి బస్సులు నడపాలి. ముసలివాళ్లకు కష్టమంటారా? బస్సు ఉన్నదే వాళ్ల కోసం. నీలక్కల్‌లో కారు వదిలి పంబకు కేరళ ఆర్టీసీ బస్సెక్కడం మన అయ్యప్ప స్వాములకు కొత్తేమీ కాదు. గుహలోకి కొద్దికొద్ది మందిని, స్థానిక గిరిజన యువకులను తోడిచ్చి పంపాలి. సౌండు బాక్సు చెక్‌పోస్టు దాటకూడదు.

గుడి దగ్గరి దుకాణాలవాళ్ల బేరం దెబ్బతింటుందన్న మాట నిజమే. ఇలాంటి వారసత్వ స్థల ప్రకటన వల్ల బతుకుదెరువు దెబ్బతిన్నవాళ్లకు పరిహార పథకం పెట్టాలని 2002 జీవవైవిధ్య చట్టంలోని 37వ సెక్షనే చెబుతోంది. బస్సు టికెట్టులో కొంత అందుకే పక్కన పెట్టాలి. ఎంత వచ్చింది, ఎవరికి ఇచ్చారన్న పద్దు ఏటా పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయించాలి.