ఇచ్చిపుచ్చుకొనే ఇసుక

తెలుగు నుడికారంలో ఇసుక నిస్సారతకు సంకేతం. జరగని పనిని ఇసుక నుండి నూనె తీయడంతో పోలుస్తారు. నిలువని దానిని ఇసుక మేడ అంటారు. అయితే సముద్రగర్భంలోని ఇసుకకు ఈ పోలికలు వర్తించవు. దానిలో చిటికెడు తీసి సూక్ష్మదర్శిని కింద పరిశీలిస్తే ఒక చిన్న లోకమే కనిపిస్తుంది. రేణువులను అంటిపెట్టుకొని బాక్టీరియా, రేణువుల నడుమ తిరుగాడే సూక్ష్మప్రాణులు, దారపు పోగుల వంటి పురుగులు, ఆవగింజంత నత్తలు అందులో నివసిస్తాయి. ఇళ్లలో ఉప్పునీటి ఆక్వేరియాలను పెంచే ఔత్సాహికులు ఇటువంటి దానిని ‘సజీవ ఇసుక’ అని పిలుస్తారు. అమెరికా వంటి దేశాలలో వారు తమ తొట్టిలోని సజీవ ఇసుకను కొంత తోటివారికి ఇచ్చి, వారి తొట్టిలోనిది కొంత తెచ్చుకొంటారు. పైకి వినోదంగా కనిపించే ఈ అలవాటు వెనుక ఒక ప్రకృతి నియమం ఉంది. జాగరూకత తోడైతే ఇది అన్ని విధాలా ప్రోత్సహించదగిన ఆచారం.

ఆక్వేరియంలో అందరి దృష్టీ రంగురంగుల చేపల మీదనే నిలుస్తుంది. కాని ఆ చేపల మనుగడ అడుగున ఉన్న ఇసుకపై ఎంతో ఆధారపడి ఉంటుంది. చేపల విసర్జనల వలన, తినగా మిగిలిన మేత కుళ్లడం వలన నీటిలో అమ్మోనియా చేరుతుంది. అది చేపలకు విషం. ఒక రకం బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గాను, మరొక రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గాను మారుస్తాయి. రష్యా శాస్త్రజ్ఞుడు సెర్గీ వినోగ్రాడ్‌స్కీ ఇటువంటి బాక్టీరియాను గురించి 1890 ప్రాంతంలోనే లోకానికి తెలియజేశాడు. ఇసుక పొర లోతుగా ఉన్నచోట ఆక్సిజన్ అందదు. అక్కడ నివసించే వేరొక రకం బాక్టీరియా నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మార్చి విడిచిపెడతాయి. పురుగులు, నత్తలు ఇసుకను గుల్లపరుస్తూ, పాచిని, కుళ్లిన పదార్థాన్ని తింటూ ఈ కార్యానికి తోడ్పడతాయి. పొలంలో వానపాములు చేసే పనినే ఇవి తొట్టిలో చేస్తాయి.

ఈ సూక్ష్మజీవుల సాయంతో ఆక్వేరియంను నిర్వహించవచ్చునని అనుభవజ్ఞులు చాలాకాలం క్రిందటే గుర్తించారు. ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ 1961లో, సముద్రం నుండి తెచ్చిన సజీవ శిలలు, గాలి బుడగలు మాత్రమే ఉపయోగించి తొట్టిని నిలిపే పద్ధతిని వివరించాడు. తరువాత మొనాకోలో జాన్ జోబేర్ ఇసుక పొరనే శుద్ధి యంత్రంగా మలచిన పద్ధతిని రూపొందించాడు. అమెరికాకు చెందిన జంతుశాస్త్రజ్ఞుడు రొనాల్డ్ షిమెక్ లోతైన ఇసుక పొరకు అందులోని జీవుల వైవిధ్యమే బలమని తన వ్యాసాలలో వాదించాడు.

అయితే ఆ వైవిధ్యం కలకాలం నిలువదు. కారణం తెలియాలంటే ద్వీపాల స్వభావాన్ని గ్రహించాలి. రాబర్ట్ మెకార్థర్, ఎడ్వర్డ్ విల్సన్ అనే శాస్త్రజ్ఞులు 1967లో ప్రచురించిన గ్రంథంలో ఒక సూత్రాన్ని ప్రతిపాదించారు. ద్వీపంలోని జీవజాతుల సంఖ్య రెండు విషయాలను బట్టి ఉంటుంది. ఒకటి బయటి నుండి కొత్త జాతులు వచ్చి చేరడం. రెండవది ఉన్న జాతులు అంతరించడం. ద్వీపం ఎంత చిన్నదైతే జాతులు అంత త్వరగా అంతరిస్తాయి. తీరానికి ఎంత దూరమైతే కొత్తవి అంత అరుదుగా వస్తాయి.

గదిలో ఒక మూల ఉన్న గాజు తొట్టి ఇటువంటి ద్వీపమే. అందులోని ఒక్కొక్క జాతిలో జీవులు కొద్ది సంఖ్యలోనే ఉంటాయి. కొన్నింటిని చేపలు ఏరుకొని తింటాయి. కొన్నింటి పిల్లదశలు నీటిలో తేలుతూ ఉండి, పంపులలోను, వడపోత సాధనాలలోను చిక్కుకొని నశిస్తాయి. సముద్రంలోనైతే ఒకచోట నశించిన జాతి అలలతో పాటు మరొకచోటి నుండి తిరిగి వస్తుంది. గాజు తొట్టికి ఆ అల రాదు. కాలం గడిచేకొద్దీ ఏ బాధకైనా ఓర్చుకోగల కొద్ది జాతులే మిగులుతాయి. ఇసుకను గుల్లపరిచే జీవులు తగ్గితే అది గడ్డకట్టే అవకాశం పెరుగుతుంది.

రాని ఆ అలకు బదులుగా మనిషి చేయి పనిచేయడమే ఇసుక మార్పిడి. ఒకరి తొట్టిలో నశించిన జాతి మరొకరి తొట్టిలో సమృద్ధిగా ఉండవచ్చు. ఇరువురూ గుప్పెడు ఇసుకను మార్చుకొంటే ఇద్దరికీ లాభమే గాని ఎవరికీ నష్టం లేదు. తెలుగు ఇళ్లలో పెరుగు తోడు నిండుకొన్నప్పుడు పొరుగింటి నుండి గరిటెడు తెచ్చుకోవడం వంటిదే ఇది. ఇచ్చినవారి గిన్నెలో పెరుగు తరగదు. తెచ్చుకొన్నవారి పాలు తోడుకొంటాయి. అంగడిలో సంచులలో దొరికే ఇసుకలో బాక్టీరియా ఉండవచ్చు గాని, మూసిన సంచిలో పురుగులు, చిన్న క్రస్టేషియన్లు ఎక్కువ కాలం బ్రతకలేవు. అంతేగాక, తోటివారి తొట్టి నుండి వచ్చే ఇసుక కొరకు మళ్లీ సముద్రాన్ని తవ్వవలసిన పని లేదు. 2003లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో 15 నుండి 20 లక్షల మంది సముద్రజల ఆక్వేరియాలను పెంచుతున్నారని అంచనా. ఇందరి అవసరాలకు సముద్రమే ఆధారమైతే పగడపు దిబ్బలపై భారం పెరుగుతుంది.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. ఇసుక అడుగు లేని తొట్లలోనూ పగడాలు చక్కగా పెరుగుతున్నాయని కొందరంటారు. అది నిజమే. అయితే అటువంటి తొట్టికి యంత్రాల సాయం, యజమాని శ్రమ అధికంగా కావాలి. ఇంతకంటె బరువైన ఆక్షేపణ మరొకటి ఉంది. మేలు చేసే జీవులతో పాటు కీడు చేసేవి కూడా ఇసుకలో ప్రయాణిస్తాయి. చేపలకు తెల్లమచ్చల వ్యాధిని కలిగించే పరాన్నజీవి తన జీవితచక్రంలో ఒక దశను ఇసుక వంటి అడుగుభాగంలోనే గడుపుతుంది. మొండి కలుపు వంటి ఏప్టేసియా అనే సముద్రపుష్పం చిన్న ముక్క నుండి కూడా తిరిగి మొలుస్తుంది.

ఈ ప్రమాదం తొట్టి దాటి సముద్రానికి చేరితే ఏమవుతుందో చరిత్ర చెబుతున్నది. ఆక్వేరియాలలో పెంచే కాలెర్పా టాక్సిఫోలియా అనే ఆకుపచ్చని సముద్రపు మొక్క 1984లో మొనాకో తీరంలో తొలిసారి కనిపించింది. అప్పుడది సుమారు ఒక చదరపు మీటరు మేర మాత్రమే ఉంది. తరువాతి సంవత్సరాలలో అది మధ్యధరా సముద్రంలో విస్తారంగా వ్యాపించి స్థానిక జీవులకు చోటు లేకుండా చేసింది. 2000లో అదే మొక్క కాలిఫోర్నియా తీరంలో బయటపడింది. దానిని నిర్మూలించినట్లు 2006లో ప్రకటించేనాటికి లక్షల డాలర్లు వ్యయమయ్యాయి.

కావున మార్పిడిని మానుకోనక్కరలేదు. దానికి నియమాలు కావాలి. వ్యాధి సోకిన తొట్టి నుండి ఇసుకను ఇవ్వరాదు, తీసుకోరాదు. నల్లబడి దుర్వాసన వచ్చే లోపలి పొరను కదపకుండా పైపొర నుండి మాత్రమే తీయాలి. ఉప్పులేని నీటితో కడిగితే అందులోని ప్రాణులు చనిపోతాయి గనుక తొట్టి నీటితోనే తడిపి, ఆలస్యం లేకుండా చేరవేయాలి. తెచ్చుకొన్న ఇసుకను చేపలు లేని వేరొక పాత్రలో 2 నెలలకు పైగా ఉంచి గమనించాలి. చేపలు దొరకక పరాన్నజీవులు నశిస్తాయి. చిటికెడు మేత వేస్తే మేలు చేసే జీవులు నిలుస్తాయి. అన్నింటికంటె ముఖ్యమైనది, తొట్టిలోని ఇసుకను గాని, నీటిని గాని, మొక్కలను గాని సముద్రంలోను, చెరువులలోను, కాలువలలోను పారబోయరాదు. తొట్టి నుండి తొట్టికి జరిగేది సహకారం. తొట్టి నుండి సముద్రానికి జరిగేది అపరాధం.

జీవవైవిధ్యం అనగానే అడవులు, పులులు, ఏనుగులు మనసులో మెదలుతాయి. కంటికి ఆనని పురుగుకు ఆ గౌరవం దక్కదు. కాని అది లేనినాడు కంటికి ఇంపైన చేపకు కూడా మనుగడ కష్టమవుతుంది. ఈ సత్యాన్ని గ్రహించిన ఔత్సాహికుడు తన తొట్టిలోని చిన్న ప్రాణులను తన సొత్తుగా దాచుకోడు. పదిమంది తొట్లలో నిలిచి ఉండేటట్లు పంచుతాడు. ఒకనాడు తన తొట్టి పాడైనా ఆ జీవులు వేరొకరి ఇంట బ్రతికి ఉంటాయి, మళ్లీ తన ఇంటికి తిరిగి రాగలుగుతాయి. దాచుకొన్న వైవిధ్యం తరిగిపోతుంది, వివేకంతో పంచుకొన్న వైవిధ్యం నిలుస్తుంది.