మధ్యలో నిలబడితే నిష్పాక్షికతేనా?

వివాదాస్పదమైన కొత్త మతాలను పరిశోధించేవారికి రెండు నిందలు తప్పవు. సానుభూతి చూపితే అమ్ముడుపోయారంటారు. తప్పు పడితే విశ్వాసమంటే తెలియదంటారు. రెంటికీ జడిసి మధ్యలో నిలబడటమే నిష్పాక్షికత అనుకునేవారున్నారు. నేను ఒప్పుకోను.

1995 మార్చి 20న టోక్యో భూగర్భ రైళ్ళలో ఓం షిన్‌రిక్యో అనుయాయులు సారిన్ విషవాయువును వదిలారు. మే నెలలో అమెరికా నుంచి నలుగురు టోక్యో వెళ్ళారు. వారిలో ఇద్దరు కొత్త మతాల అధ్యయనంలో పేరున్నవారు. ఖర్చులు ఓం సంస్థవే. సంస్థ ఇచ్చిన ఫోటోలు, పత్రాలు చూసి, సారిన్ తయారీ దానికి అసాధ్యమని విలేకరులకు చెప్పారు. తయారుచేసింది ఆ సంస్థేనని తరువాత కోర్టుల్లో రుజువైంది. ఆ కర్మాగారమున్న భవనానికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'సత్యన్'!

వారిది దురుద్దేశమని అనను. 1993లో అమెరికాలోని వేకోలో ప్రభుత్వ ముట్టడి 76 మంది మరణంతో ముగిసింది. మరో చిన్న మతానికి ఆ గతి పట్టకూడదన్న ఆందోళన న్యాయమైనదే. కాని సదుద్దేశం సాక్ష్యం కాజాలదు. ఓం సభ్యుల కుటుంబాల పక్షాన నిలిచిన న్యాయవాది సకమోతో 1989లోనే భార్యాబిడ్డలతో సహా మాయమయ్యాడు. చంపింది ఓం మనుషులే. ఆ కుటుంబాల గోడుకు, సంస్థ పత్రాలకు ఇచ్చినంత విలువైనా దక్కిందా?

అయితే మతస్థుల దగ్గరికే వెళ్ళకూడదా? తప్పక వెళ్ళాలి. యూనిఫికేషన్ చర్చి యువతను బ్రెయిన్‌వాష్ చేస్తోందని బ్రిటన్‌లో గగ్గోలు పుట్టినప్పుడు ఎలీన్ బార్కర్ వాళ్ళ శిబిరాల్లో కూర్చున్నారు. చేరినవారినే కాక, చేరకుండా వెళ్ళిపోయినవారినీ లెక్కపెట్టారు. వచ్చినవారిలో నూటికి తొంభై మంది చేరనేలేదని 1984లో వెలువడిన తన పుస్తకంలో చూపారు. ఎవరూ తప్పించుకోలేని మంత్రమేదో ఉందన్న వాదం ఆ లెక్క ముందు నిలవలేదు. ఆ చర్చి డబ్బుతో జరిగిన సదస్సులకు వెళ్ళారని ఆమెనూ విమర్శించారు. అది అడగవలసిన ప్రశ్నే. కాని ఆమె లెక్కను ఎవరైనా పరీక్షించవచ్చు. టోక్యోలో చెప్పినదానికి సంస్థ మాటే ఆధారం.

నా దృష్టిలో తేడా అక్కడే ఉంది. గురువు మాటకూ, మతం వదిలి వచ్చినవాడి మాటకూ ఒకటే గీటురాయి ఉండాలి. ఖర్చు ఎవరు పెట్టారో ముందే చెప్పాలి. చూపించినదే చూసి తీర్పు చెప్పకూడదు. ఇంత చేశాక పండితుడు ఒక పక్షానికి వచ్చినా, నేనతణ్ణి నిష్పాక్షికుడనే అంటాను. మీరేమంటారు?