చేయి తిరిగేదాకా

దర్జీ కొట్లో కొత్తగా చేరిన కుర్రాడు మొదటి రోజే మిషన్ ఎక్కడం జరిగే పని కాదు. పొద్దున్నే కొట్టు ఊడవాలి, ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజెయ్యాలి, ఎదురు హోటల్ నుంచి టీ తేవాలి. కొన్నాళ్లకు సూది చేతికిచ్చి గుండీలు కుట్టమనేవారు. ఆ తర్వాత కాజాలు. మిషన్ మీద తిన్నటి కుట్లు ఇంకెప్పటికో. కత్తెర మాత్రం యజమాని చేయి దాటేది కాదు. గుడ్డ మీద సుద్దతో గీత గీసి, ధైర్యంగా కత్తెర వేసే రోజు వచ్చేసరికి ఏడాదో ఏడాదిన్నరో అయ్యేది. అప్పుడు యజమాని ఎవరితోనో మాటల్లో మాటగా, ‘మావాడికి చేయి తిరిగిందండీ’ అనేవాడు. కుర్రాడికి వినిపించేలా అనేవాడు. సర్టిఫికెట్టు అదే.

చేయి తిరగడం అన్న మాటని మొదట అన్నదెవరో గానీ, పని చేసి చూసినవాళ్లే అయ్యుంటారు. పని బుర్రలోంచి వేళ్లలోకి దిగాలి. కళ్లు పక్కకు తిరిగినా చేయి తన దారి తాను తప్పకూడదు. వంటకీ ఇదే మాట, రాతకీ ఇదే మాట. నైపుణ్యం అనే బరువైన పదంలో ఈ కదలిక కనిపించదు. సర్కారువారికి నచ్చింది ఆ బరువైన పదమే. 2014 నవంబరులో దానికంటూ కేంద్రంలో ఒక మంత్రిత్వశాఖే వెలసింది. అదే ఏడాది సెప్టెంబరు 25న పల్లె యువత కోసం దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన వచ్చింది. మరుసటి ఏడు జులై 15న ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన మొదలైంది. మండల కేంద్రం బస్టాండులో దిగితే ఎదురుగా కనిపించే ఫ్లెక్సీలు వీటివే: ఉచిత శిక్షణ, ఉచిత భోజనం, హాస్టల్ వసతి, యూనిఫాం, చివర్న ఉద్యోగం. ఇంటర్ తప్పిన కుర్రాడికీ, డిగ్రీ పాసై ఏంచేయాలో తోచని అమ్మాయికీ ఒకే ఫ్లెక్సీ.

ఇంతకీ చేయి తిరగడానికి అక్కడ ఎన్ని రోజులిస్తారు? గ్రామీణ కౌశల్య యోజన మొదటి మార్గదర్శకాల ప్రకారం మూడు నెలల కోర్సు అంటే 576 గంటలు. అందులో కనీసం 160 గంటలు మాట తీరుకూ, కాస్త ఇంగ్లీషుకూ, కంప్యూటరుకూ పోతాయి. మిగిలేవి 416. రోజుకి ఎనిమిది గంటల చొప్పున లెక్కేస్తే 52 రోజులు. దర్జీ కొట్లో కుర్రాడు ఆ సరికి ఇంకా గుండీల దగ్గరే ఉండేవాడు. ఆరు, తొమ్మిది, పన్నెండు నెలల కోర్సులూ ఆ పథకంలో ఉన్నాయి, లేకపోలేదు. కానీ సంఖ్యలు చూపించాలన్న తొందర ఉన్నచోట చిన్న కోర్సుకే గిరాకీ ఎక్కువ. 1950 నుంచి నడుస్తున్న ఐటీఐల్లో ఫిట్టర్‌కీ ఎలక్ట్రీషియన్‌కీ ఇప్పటికీ రెండేళ్లు పడుతోంది. ఆ రెండేళ్లను పెట్టినవాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు.

ఆ 160 గంటలు దండగని మాత్రం అనబుద్ధి కాదు. ‘మై నేమ్ ఈజ్’ అంటూ వరసగా నిలబడి చెప్పడం చూసి నవ్వేవాళ్లు నవ్వుతారు. పుట్టి బుద్ధెరిగాక పరాయి మనిషి కళ్లలోకి చూసి తన పేరు గట్టిగా చెప్పుకునే అవసరం రాని పిల్లలకు ఆ గంటలు ఏమిచ్చాయో, నవ్వినవాళ్లకి తెలిసే వీలు తక్కువ.

ఉచిత శిక్షణ మనకు కొత్తేమీ కాదు. 1979 ఆగస్టు 15న ట్రైసెమ్ అనే పథకం మొదలైంది. గ్రామీణ యువతకు స్వయం ఉపాధి కోసం పని నేర్పడం దాని ఉద్దేశం. ఏటా దేశం మొత్తమ్మీద రెండు లక్షల మందికి నేర్పాలనుకున్నారు. స్టైపెండు ఇచ్చి, పనిముట్లు చేతిలో పెట్టి పంపేవారు. ఆ కాలం పల్లెల్లో పెరిగినవాళ్లని కదిపితే ట్రైసెమ్ మిషన్ ప్రసక్తి ఎక్కడో ఒకచోట వస్తుంది. శిక్షణకని వచ్చిన కుట్టుమిషన్ కొన్నాళ్లు వసారాలో తిరిగేది. తర్వాత దాని మీద మడతపెట్టిన దుప్పట్లు చేరేవి. ఏ ఆసుపత్రి ఖర్చుకో, ఏ పండగ అప్పుకో అది చేతులు మారేది. ఎవరినీ తప్పు పట్టలేం. ఊళ్లో జాకెట్లు కుట్టించుకునే ఇళ్లు నలభై ఉంటే, కుట్టడం నేర్చుకున్నవాళ్లు పదిహేను మంది తేలేవారు. 1999లో ట్రైసెమ్‌ని స్వర్ణజయంతి గ్రామ స్వరోజ్‌గార్ యోజనలో కలిపేశారు.

హైదరాబాదులో 1978లో పుట్టిన సెట్విన్ అనే సంస్థది ఇంకో దారి. అక్కడా శిక్షణ ఉంది, కానీ జనానికి గుర్తుండిపోయింది మాత్రం నిరుద్యోగ యువకుల ఉపాధి కోసం జంటనగరాల రోడ్ల మీద తిరిగిన మినీ బస్సులు. ఆ బస్సులో ఒంటికాలిమీద వేలాడిన తరం ఇప్పుడు మనవల్ని ఎత్తుకుంటోంది. పని నేర్పడంతో ఆగకుండా నేర్చుకున్న పని చేసుకోవడానికి ఒక బస్సు, ఒక రూటు చూపించడం ఎంత తేడా తెస్తుందో అది చెప్పింది.

ట్రైసెమ్ నేర్పిన పాఠాన్ని తర్వాతివాళ్లు ఒంటబట్టించుకున్నారు. స్వయం ఉపాధి మాట తగ్గించి, కంపెనీ ఉద్యోగం వైపు తిరిగారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో వచ్చిన ఉపాధి కల్పన, మార్కెటింగ్ మిషన్ ఆ దారిలో ముందు నడిచింది. ఊళ్లో గిరాకీ లేకపోతేనేం, పట్నంలో ఉంది కదా అన్నది దాని ఆలోచన. మంచి ఆలోచనే. అయితే దీనితో పాటు ఒక చిత్రమైన మార్పు కూడా వచ్చింది.

ఫ్యాక్టరీ కోసం కుట్టు నేర్చుకున్న అమ్మాయిని చూడండి. ఆమె పేరు దర్జీ కాదు, సూయింగ్ మెషీన్ ఆపరేటర్. ఆమె ముందున్న కరెంటు మిషన్ నిమిషానికి నాలుగైదు వేల కుట్లు వేయగలదు. ఇంట్లో తొక్కుడు మిషన్ దాని ముందు ఎడ్లబండి. దాన్ని అదుపులో పెట్టి, వేళ్లు సూది కిందికి పోకుండా, గుడ్డ ముడుచుకోకుండా తిన్నగా కుట్టించడం చిన్న విద్యేం కాదు. కానీ లైన్‌లో కూర్చున్నాక ఆమెకి వచ్చేది చొక్కాలో ఒక్క ముక్క పనే. కాలరైతే కాలరే, కఫ్ అయితే కఫ్పే. గంటకి ఇన్ని పీసులని టార్గెట్. రోజంతా కఫ్పులే. ఏడాది తిరిగాక సంక్రాంతికి ఇంటికొస్తుంది. పక్కింటి పిన్ని జాకెట్టు ముక్క పట్టుకొచ్చి, ‘పట్నంలో కుట్టు పనేగా నీది, కొలతలు తీసుకోమ్మా’ అంటుంది. ఆ పిల్ల ఏం చెప్పాలి? చంక దగ్గర ఎంత వదలాలో ఆమెకెవరూ చెప్పలేదు. కత్తెర ఆమె చేతికి రానే లేదు. దర్జీ కొట్లో కత్తెర యజమాని దగ్గరుంటే, ఫ్యాక్టరీలో వేరే గదిలో ఉంటుంది. కొట్లో కుర్రాడికి మాత్రం ఎప్పటికో అప్పటికి అది చేతికి వస్తుందన్న ఆశ ఉండేది.

అచ్యుతాపురంలాంటి చోట్ల దుస్తుల ఫ్యాక్టరీలకు తెల్లవారకముందే బస్సుల్లో బయల్దేరే ఆడపిల్లల జీతం ఎన్ని ఇళ్లను నిలబెట్టిందో తెలిసినవాళ్లెవరూ ఆ ఉద్యోగాన్ని తక్కువ చేసి మాట్లాడరు. ఇక్కడి బెంగ వేరే. ఫ్యాక్టరీ మూతపడితేనో, పెళ్లయి ఊరు మారితేనో ఆమె వెంట వచ్చే విద్య ఎంత అన్నదే.

పాత కొట్టుని మరీ నెత్తికెత్తుకోవడమూ సరికాదు. అక్కడ జీతం ఉండేది కాదు, తిట్లు ఉండేవి, ఒక్కోసారి స్కేలుదెబ్బలూ ఉండేవి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ కొట్టు గడప అందరికీ ఒకేలా ఉండేది కాదు. ఎవరి కొడుకు ఎవరి దగ్గర చేరొచ్చో కులం ముందే రాసిపెట్టేది. మోటారు వైండింగ్ షాపులోకి ఆడపిల్ల అడుగుపెట్టడం ఊహకే అందేది కాదు. మెకానిక్ షెడ్డులో చేరినవాడు పేరు పోగొట్టుకుని చోటూ అయిపోయేవాడు. సర్కారు శిక్షణ కేంద్రం ఆ గడపలు దాటించింది. గ్రామీణ కౌశల్య యోజనలో సగం సీట్లు ఎస్సీ, ఎస్టీ యువతకీ, మూడోవంతు ఆడపిల్లలకీ ఉండాలని నియమం పెట్టారు. ఊళ్లో ఏ ఉస్తాదూ పెట్టని నియమం అది.

అయినా ఇప్పటికీ ఎక్కువమంది నేర్చుకునేది ఉస్తాదుల దగ్గరే. 2023-24 ఆర్థిక సర్వే చెప్పిన ప్రకారం 15 నుంచి 29 ఏళ్ల వయసువారిలో పద్ధతి ప్రకారం వృత్తి శిక్షణ పొందినవాళ్లు 4.4 శాతమే. ఇంట్లోనో, షెడ్డులోనో, పని చేస్తూనో నేర్చుకున్నవాళ్లు 16.6 శాతం. ఇన్నేళ్ల పథకాల తర్వాత కూడా దేశానికి పెద్ద ఐటీఐ ఏదంటే రోడ్డు పక్క షెడ్డే.

మరి కేంద్రాల లెక్కలెలా ఉన్నాయి? ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన మొదటి మూడు విడతల మీద కాగ్ నివేదిక 2025 డిసెంబరులో పార్లమెంటు ముందుకొచ్చింది. స్వల్పకాలిక శిక్షణలో సర్టిఫికెట్టు పొందినవాళ్లలో ఉద్యోగం దొరికింది 41 శాతానికి అని తేలింది. అంతకన్నా వింత సంగతి ఇంకోటుంది. శిక్షణ పొందినవాళ్ల వివరాల్లో బ్యాంకు ఖాతా నంబరు ఉండాల్సిన గడిలో నూటికి 94 చోట్ల సున్నాలో, ఖాళీయో కనిపించాయి. కొన్నిచోట్ల వరసగా ఒకట్లు కొట్టి ఊరుకున్నారు. ఆ ఒకట్లు కొట్టిన వేలు ఎవరిదోగానీ, కంప్యూటరు కీబోర్డు మీద మాత్రం చేయి బాగానే తిరిగినట్టుంది.

దొంగలెక్కల సంగతి చూడ్డానికి చట్టం ఉంది, ఆడిటర్లున్నారు. మన మనసుని పట్టి లాగేది నిజాయతీగా నడిచే కేంద్రాల ఇబ్బంది. గ్రామీణ కౌశల్య యోజన మొదటి మార్గదర్శకాల్లో శిక్షణ సంస్థకి డబ్బు నాలుగు వాయిదాల్లో వచ్చేలా పెట్టారు: 25, 50, 15, 10 శాతం. పిల్లల్ని చేర్చుకుని, నేర్పి, ఉద్యోగంలో పెట్టి, వాళ్ల జీతం కాగితాలు చూపిస్తేనే చివరి వాయిదాలు చేతికొస్తాయి. కనీసం నూటికి 70 మందికి ఉద్యోగం చూపించాలి. సర్కారు సొమ్ముకి ఆ మాత్రం కాపలా ఉండాల్సిందే. ఐతే అదే కాపలా వల్ల కేంద్రం నడిపేవాడి చూపంతా బ్యాచ్ నింపడం మీదా, చేర్చిన చోట పిల్లలు మూడు నెలలు కదలకుండా ఉండటం మీదా నిలిచిపోతుంది. పల్లెల్లో తిరిగి పిల్లల్ని పోగేసే మొబిలైజర్‌కి టార్గెట్, ట్రైనర్‌కి సిలబస్, మేనేజర్‌కి ప్లేస్‌మెంట్. అమ్మాయికి కుట్టు వచ్చిందా అని అడిగే ఉద్యోగం మాత్రం ఆ వరసలో ఎవరికీ లేదు.

ఉద్యోగంలో చేరాక ఆ మూడు నెలలు పిల్లలు ఎలా నెట్టుకొస్తున్నారో అసలే ఎవరికీ పట్టదు. పథకం రాసినవాళ్లు మాత్రం దాన్ని మరిచిపోలేదు, వాళ్లకి ఆ దయ ఉంది. సొంత జిల్లాలో ఉద్యోగమైతే రెండు నెలలు, రాష్ట్రంలో ఐతే మూడు, పైరాష్ట్రం వెళ్తే ఆరు నెలలు నెలకి వెయ్యి రూపాయల చొప్పున ఇమ్మన్నారు. పల్లె నుంచి కొత్తగా పట్నం వచ్చినవాడికి మొదటి జీతం చేతికొచ్చేలోపు గది అడ్వాన్సు, మెస్సు, బస్సు పాసు, ఒక దుప్పటి, ఒక బకెట్టు కావాలి. నలుగురు కలిసి ఒక గదిలో సర్దుకుంటారు. రాత్రి డ్యూటీ వాడు పగలు నిద్రపోలేడు. ఇంట్లో నాన్నకి జ్వరమని ఫోనొస్తుంది. నెలన్నరకి వాడు మూట సర్దేస్తే, ఆఫీసు కాగితం మీద ‘డ్రాపవుట్’ అని పడుతుంది. ‘ఈ కాలం పిల్లలకి ఓపిక లేదండీ’ అని ఏసీ గదిలో ఒకాయన నిట్టూరుస్తాడు. నలుగురు సర్దుకునే ఆ గదిలోకి ఆయన్ని పంపితే ఎన్ని నెలలుంటాడో చూడాలనిపిస్తుంది. ఎడిటోరియల్‌లో అనకూడని మాటేమో.

ఇప్పుడు మళ్లీ కొత్త గాలి వీస్తోంది. దేశంలో వెయ్యి ప్రభుత్వ ఐటీఐల్ని బాగు చేయడానికి అరవై వేల కోట్ల పథకానికి 2025 మేలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. తెలంగాణలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి ఆధునిక కేంద్రాలుగా మార్చే పనికి 2024 జూన్‌లో హైదరాబాదు మల్లేపల్లిలో శంకుస్థాపన జరిగింది. రోబోలొస్తాయి, కొత్త మిషన్లొస్తాయి. రావాలి కూడా. పాత లేత్ మిషన్ల మీద నేర్చుకుని కొత్త ఫ్యాక్టరీలో తెల్లమొహం వేసిన పిల్లల్ని చాలామందిని చూశాం.

అయితే ఎంత ఖరీదైన మిషన్ వస్తే, దాన్ని ముట్టుకోనిచ్చేది అంత తక్కువ. ఇది ప్రతి ల్యాబులోనూ ఉన్న జబ్బే. గుడ్డ కప్పి, అధికారి వచ్చినరోజు గుడ్డ తీసే మిషన్ మీద ఎవరికీ చేయి తిరగదు. నేర్చుకునేవాడికి పాడుచేసే హక్కుండాలి. వెల్డింగ్ నేర్చుకునే కుర్రాడు కట్టలకొద్దీ రాడ్లు కాల్చాలి. మొదటి వందసార్లు రాడ్డు ఇనుముకి అతుక్కుపోతుంది, లేదంటే రేకుకి చిల్లు పడుతుంది. దర్జీ కొట్లో పాడయ్యేది గిరాకీదారు గుడ్డ, అందుకే కత్తెర ఏడాది దాకా ఇచ్చేవారు కాదు. సర్కారు కేంద్రానికి ఆ భయం లేదు, పాడైనా అడిగే గిరాకీదారు లేడు. అది దానికున్న గొప్ప వెసులుబాటు. కానీ రాడ్లకీ గుడ్డకీ పెట్టే డబ్బే అన్నిటికన్నా ముందు కోతకి గురవుతుంది. తనిఖీకి వచ్చేవాళ్లు వేలిముద్రల హాజరు చూస్తారు, సీసీ కెమెరాలు చూస్తారు. వెనకాల తుక్కు కుప్ప ఎంతుందో చూసినట్టు ఎప్పుడూ వినలేదు.

తాపీపని నేర్పేచోట ఒక పాత పద్ధతి ఉంది. కొత్తవాళ్ల చేత సిమెంటు పెట్టించరు, మట్టితోనో, సున్నం కలిపిన ఇసుకతోనో గోడ కట్టిస్తారు. మేస్త్రీ వచ్చి రసమట్టం పెట్టి చూస్తాడు, మూలమట్టం ఆనించి చూస్తాడు, గుండు వేలాడదీసి ఒక కన్ను మూసి చూస్తాడు. ఏమీ అనడు. సాయంత్రం ఆ గోడని వాళ్ల చేతే ఊడదీయిస్తాడు. ఇటుకలకు అంటిన మట్టిని తాపీతో గీకి, వరసగా పేర్చి, చేతులు కడుక్కుని భోజనానికి వెళ్తారు. పొద్దున్న ఆ ఇటుకలే మళ్లీ తడుపుతారు.