గచ్చుమీది చరిత్ర

చరిత్రయనగానే మన విద్యార్థులకు రాజుల వంశావళులును, యుద్ధముల తేదీలును జ్ఞప్తికి వచ్చును. గోడపూతలో సైతము చరిత్ర యిమిడియున్నదని వారికి చెప్పువారు అరుదు.

ఇటలీలోని పాంపే నగరము క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతము క్రక్కిన బూడిదక్రింద పూడిపోయెను. 1748లో త్రవ్వకములు మొదలైన పిమ్మట బయల్పడిన యిండ్ల గోడలపై ఎఱుపు, పసుపు, నలుపు వన్నెలు నేటికిని నిలిచియున్నవి. ఇందలి రహస్యము సున్నము. తడియారని గచ్చుపై నీట కలిపిన రంగును పూసినచో, సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి మరల రాయివలె గట్టిపడి, రంగును తనలో బంధించును. ఇసుక గచ్చు మూడు పూతలు, దానిపై చలువరాతి పొడి గచ్చు మూడు పూతలు వేయవలెనని రోమను వాస్తుశాస్త్రజ్ఞుడు విట్రూవియస్ విధించెను. ఆ ఓర్పే ఆ గోడలను కాపాడినది.

అంతదూరము పోనేల? అచ్యుతదేవరాయల కాలమున (1529-1542) విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు పెంపొందించిన లేపాక్షి వీరభద్రాలయపు మండపముల కప్పును తలయెత్తి చూడుడు. కిరాతార్జునీయము, పార్వతీ కల్యాణము, వటపత్రశాయి అచట రంగులలో నిలిచియున్నవి. దేవతలకంటె నాకు ముచ్చట గొలుపునవి ఆ స్త్రీల చీరల అంచులు, పురుషుల పొడవైన కుళ్ళాయిలు. ఆనాటి నేతను, వేషమును ఏ పాఠ్యపుస్తకము అంత స్పష్టముగ చెప్పగలదు? ములకలచెరువు సమీపమున సోంపాళెం చెన్నకేశవాలయమునను విజయనగర కాలపు చిత్రములు కలవు. బైరెడ్డిపల్లె వంటి పల్లెల పిల్లలకు ఇవి పరాయి సంపదలు కావు.

కాని జీర్ణోద్ధరణ మనుపేర పాత బొమ్మలపై సున్నము కొట్టించుటయు, మెఱయు నూనెరంగులు పూయించుటయు మనకు క్రొత్త కాదు. గుడి పూజాస్థానమే గాని ప్రదర్శనశాల కాదనువారి మాటలో న్యాయము లేకపోలేదు. అయితే పూజకు శుభ్రత వలయును. పూర్వులు భక్తితో వ్రాసిన దానిని చెఱుపుట శుభ్రత కాదు. విఱిగిన విగ్రహమునకు రాయియైనను మిగులును. రాలిన గచ్చునకు ధూళియే మిగులును.

ఉపాధ్యాయులు చేయదగిన పని చిన్నది. ఏడాది కొకమారు పిల్లలను ఇట్టి గుడికి తీసికొనిపోయి, ఒక్కొక్కరిచే ఒక్కొక్క బొమ్మను కాగితముపై దింపింపవలెను. తమ యూరి గుడిలో పాత బొమ్మ కనబడినచో, సున్నపు కుంచె పడకమునుపే పెద్దలకును, పురావస్తు శాఖకును తెలుపుట నేర్పవలెను. చేతితో గీచిన బొమ్మపై మేకుతో పేరు చెక్కుటకు ఏ బాలునకును మనసొప్పదు.