'స్వచ్ఛంద' అనే మాట వెనుక

పోలీసు స్టేషనుకు బాధితురాలిని వెంటబెట్టుకుని వెళ్లడం మనలో చాలామందికి అలవాటైన పనే. అక్కడ ఆమెకు కూర్చోవడానికి చోటు చూపించి, మంచినీళ్లిచ్చి, 'ఏం జరిగిందమ్మా' అని మొదట అడిగే స్త్రీ ఎవరు? ధర్మవరం లాంటి ఊళ్లలో చాలాసార్లు ఆమె కానిస్టేబులు కాదు, హోంగార్డు. ఖాకీ బట్టలు వేసుకుంటుంది, డ్యూటీ చేస్తుంది. కానీ ప్రభుత్వం లెక్కలో ఆమె ఉద్యోగి కాదు, 'స్వచ్ఛంద సేవకురాలు'. ఈ మాట వెనుక ఏముందో స్త్రీల హక్కుల కోసం పనిచేసేవాళ్లం పట్టించుకోవలసిన అవసరం ఉంది.

హోంగార్డుల దళం మొదట 1946 డిసెంబరు 6న బొంబాయిలో, మతకలహాల రోజుల్లో ఏర్పడింది. 1962లో చైనాతో యుద్ధం తర్వాత అన్ని రాష్ట్రాల్లోని ఇలాంటి దళాలను ఒకే పద్ధతిలోకి తేవాలని కేంద్రం సూచించింది. సొంత వృత్తి, సొంత బతుకుతెరువు ఉన్న పౌరులు ఆపద సమయంలో కొద్దిరోజులు ముందుకు వచ్చి పోలీసులకు తోడుగా నిలవాలన్నది అసలు ఉద్దేశం. ఆ ఉద్దేశం మంచిదే. కానీ ఈనాడు మన రాష్ట్రంలో హోంగార్డు కొద్దిరోజుల మనిషి కాదు. ట్రాఫిక్కు, బందోబస్తు, కంట్రోలు రూము, డ్రైవింగు, కంప్యూటరు పని, ఇలా ఏడాది పొడుగునా సాగే పనులన్నిటిలో ఆమె, అతడు ఉంటున్నారు. ఆపద్ధర్మంగా మొదలైనది నిత్యధర్మం అయింది. జీతం మాత్రం రోజుకూలి లెక్కలోనే ఉంది.

స్త్రీలకు అప్పగించే 'ప్రత్యేక' విధులను చూడండి. స్త్రీని సోదా చేయాలంటే మరో స్త్రీయే, మర్యాదకు భంగం కలగకుండా చేయాలని చట్టం చెబుతోంది. సూర్యాస్తమయం తర్వాత స్త్రీని అరెస్టు చేయడానికి మహిళా పోలీసు అధికారి ఉండాలనీ చెబుతోంది. ఇవి స్త్రీల ఉద్యమాలు పట్టుబట్టి నిలబెట్టుకున్న రక్షణలు. అయితే చాలినంతమంది మహిళా పోలీసులను నియమించకుండా, ఆ ఖాళీలో మహిళా హోంగార్డును నిలబెడితే ఏమవుతుంది? జాతరలో, గుడి క్యూలో సోదా ఆమె చేస్తుంది. ఆస్పత్రికి బాధితురాలి వెంట ఆమె వెళుతుంది. కానీ వాంగ్మూలం నమోదు చేసే అధికారం ఆమెకు లేదు. బాధితురాలితో ఎలా మాట్లాడాలో, ఏ మాట అడగకూడదో తగిన శిక్షణ ఇవ్వకుండానే ఆమెను అక్కడ నిలబెడితే, నష్టపోయేది ఆమె ఒక్కతే కాదు, మనం వెంటబెట్టుకుని వెళ్లిన స్త్రీ కూడా.

ధర్మవరం వాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు. పట్టుచీర నేసినవాడు నేతగాడు. పడుగు సిద్ధం చేసి, కండెలు చుట్టి ఇచ్చిన ఇల్లాలు 'సాయం' చేసింది. ఆమె లేకపోతే మగ్గం ఆగిపోతుంది, అయినా కూలి లెక్కలో ఆమె పేరుండదు. ఇంట్లో 'సాయం', అంగన్‌వాడీలో 'గౌరవ వేతనం', ఖాకీ బట్టల్లో 'సేవ'. స్త్రీల శ్రమకు పేరు మార్చి ధర తగ్గించే పద్ధతి అంతటా ఒకటే.

మగ హోంగార్డులకు అన్యాయం జరగడం లేదా అని అడగవచ్చు. జరుగుతోంది. 2023 సెప్టెంబరులో హైదరాబాదులో జీతం ఆలస్యమైందన్న వేదనతో ఒక హోంగార్డు ఒంటికి నిప్పంటించుకుని చనిపోయాడు. హోంగార్డులను రెగ్యులర్ చేయాలనే కోరికను సుప్రీంకోర్టు 2015లో అంగీకరించలేదు. కానీ డ్యూటీలో వారికి పోలీసుల అధికారాలు ఉంటాయి గనుక, 30 రోజుల భత్యం మొత్తం ఆ రాష్ట్ర పోలీసు సిబ్బంది కనీస వేతనానికి సమానం కావాలని చెప్పింది. మన రాష్ట్రంలో 2019లో రోజుభత్యాన్ని 600 నుంచి 710 రూపాయలకు పెంచారు. అంటే నెలకు 21,300. ఆ తర్వాత 2022 వేతన సవరణలో కానిస్టేబులు మూలవేతనమే 25,220 నుంచి మొదలైంది. 2025లో సి.ఐ.డి. విభాగం కంప్యూటరు, డ్రైవింగు తెలిసిన హోంగార్డులు కావాలని ప్రకటన ఇచ్చినప్పుడు కూడా చూపింది ఆ 710 రూపాయలే. నైపుణ్యం ప్రత్యేకమైనది కావాలి, కూలి మాత్రం పాతదే.

మన చట్టాల్లో ఒకటి ఈ 'స్వచ్ఛంద' అనే మాటను స్త్రీలకు అనుకూలంగా వాడింది. పనిచేసే చోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013 ప్రకారం రోజుకూలీ అయినా, తాత్కాలికమైనా, స్వచ్ఛందంగా పనిచేసినా ఆమె ఉద్యోగే. కాబట్టి మహిళా హోంగార్డు అంతర్గత కమిటీకి ఫిర్యాదు చేసుకోవచ్చు. కానీ రేపటి డ్యూటీ వేయాలా వద్దా అన్నది పై అధికారి చేతిలో ఉన్నప్పుడు, ఎంతమంది నోరు విప్పగలరు? పని భద్రత లేనిచోట ఫిర్యాదు హక్కు కాగితం మీదే మిగిలిపోతుంది. ప్రసూతి విషయం కూడా ఇంతే. మస్టరు రోలు మీద పనిచేసే ఢిల్లీ నగరపాలక సంస్థ కార్మిక స్త్రీలకు ప్రసూతి సౌకర్యాలు వర్తిస్తాయని సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది. మట్టి మోసే స్త్రీకి ఉన్న హక్కు బందోబస్తులో నిలబడే స్త్రీకి ఎందుకు ఉండకూడదు?

ఇలా అడిగితే సేవాభావం దెబ్బతింటుందని కొందరంటారు. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్ర దళం కూడా స్వచ్ఛందమైనదే. అందులో వేరే వృత్తుల్లో బతికేవాళ్లు శిక్షణకు జీతం లేకుండానే వస్తారు, వైద్యం, గాలింపు, రక్షణ వంటి పనుల్లో సేవ చేస్తారు. రాష్ట్రం విధుల్లోకి పిలిచినప్పుడు మాత్రం వేతనం ఇస్తుంది. వేరే ఆధారం ఉన్నవాళ్లు చేస్తే అది సేవ. ఆ భత్యం మీదే పొయ్యి వెలగాల్సిన స్త్రీ చేస్తే అది ఉద్యోగం.

'ప్రత్యేక' దళాలు వద్దని మనం అనడం లేదు. నిజంగా ప్రత్యేకంగా ఉండాలంటున్నాం. 2021 నవంబరులో చిత్రావతి పొంగి చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర పదిమంది చిక్కుకుంటే వాయుసేన హెలికాప్టరు వచ్చి కాపాడవలసి వచ్చింది. కరువు ప్రాంతమని పేరుపడ్డ చోట కూడా వరద వస్తుంది. వరదల్లో రక్షణకు, ప్రథమ చికిత్సకు, పునరావాస శిబిరాల్లో గర్భిణులను, బాలింతలను చూసుకోవడానికి ఊరి స్త్రీలకు పూర్తి శిక్షణ ఇవ్వవచ్చు. స్త్రీ అనగానే సోదాకూ క్యూకూ పరిమితం చేయడం ప్రత్యేకత కాదు, వివక్ష.

కనుక మన సంఘాలు ఈ కోర్కెలను చేపట్టాలి. సుప్రీంకోర్టు చెప్పిన లెక్క ప్రకారం భత్యాన్ని ప్రతి వేతన సవరణతో పాటు పెంచాలి. వేతనంతో కూడిన ప్రసూతి సెలవును నియమావళిలోనే హక్కుగా రాయాలి. అంతర్గత కమిటీ సభ్యుల పేర్లు ప్రతి స్టేషనులో గోడమీద పెట్టాలి. బాధితుల దగ్గర నిలబెట్టే ప్రతి మహిళా హోంగార్డుకు ముందుగా శిక్షణ ఇవ్వాలి. మహిళా పోలీసు ఖాళీలను హోంగార్డులతో కప్పిపుచ్చడం మానాలి.

ఈసారి స్టేషనుకు వెళ్లినప్పుడు బాధితురాలి గురించి ఎస్సైతో మాట్లాడడంతో ఆగవద్దు. తలుపు దగ్గర నిలబడ్డ ఆ చెల్లెలిని కూడా పలకరించండి. నెల జీతం ఎప్పుడొచ్చిందో, కాన్పుకు సెలవు దొరికిందో, కమిటీ ఉందని తెలుసో అడగండి. ఆమె జవాబులు మన సమావేశాల్లో చర్చకు రావాలి.