జీరో టికెట్ ఉంది, బస్సు లేదు - ఇల్లు మంజూరైంది, జాగా లేదు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వాడల నుంచి ఒక పరిశీలన

పొద్దున ఏడున్నరకు పాలమూరు జిల్లాల్లో పెద్దరోడ్డు మీద ఏదైనా స్టేజీ దగ్గర నిలబడి చూడండి. ఊరి నడుమ నుంచి వచ్చిన పిల్లలు అప్పటికే చెట్టు కిందకు చేరి ఉంటారు. ఎస్సీ కాలనీ ఆడపిల్లలు పొలం గట్ల మీదుగా ఇంకా నడుచుకుంటూ వస్తుంటారు. వానాకాలమైతే చెప్పులు చేతిలో ఉంటాయి. ఆ బస్సు తప్పిపోతే ఆ రోజు కాలేజీ పోయినట్టే. వాళ్ల సంచిలో ఆధార్ కార్డు ఉంది. అది చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ ఇస్తాడు. కానీ ఆ టికెట్ పనిచేసేది బస్సు ఎక్కిన తర్వాతే. బస్సు దాకా వెళ్లే తొవ్వకు ఏ పథకమూ లేదు.

అదే వాడలో ఇంకో దృశ్యం. ఇందిరమ్మ ఇంటికి దరఖాస్తు పెట్టిన తల్లిని అధికారి అడిగే మొదటి ప్రశ్న: "అమ్మా, నీ జాగా ఎక్కడ?" ఆమెకున్నది మామ పేరు మీద ఉన్న పట్టా కాగితం. ఆ గుంట జాగాలోనే మూడు కుటుంబాలు బతుకుతున్నాయి.

ఈ రెండు దృశ్యాల వెనక ఉన్న లెక్క ఒకటే. మనకు వచ్చే హక్కులు ఎప్పుడూ ఒక షరతుతో వస్తున్నాయి. ఆ షరతు మన దగ్గర లేనిదాన్నే అడుగుతోంది. బస్సు ఉచితం, కానీ ముందు నీ వాడకు రోడ్డు ఉండాలి. ఇల్లు ఉచితం, కానీ ముందు నీకు జాగా ఉండాలి. రోడ్డు, జాగా ఈ రెండూ దళితులకు లేకుండా చేసింది కులమే. కాబట్టి కులం పేరు ఎత్తని పథకం కూడా వాడ పొలిమేర దగ్గరే ఆగిపోతోంది.

బండి ఎక్కనివ్వని చరిత్ర

ప్రయాణం, ఇల్లు వేర్వేరు సమస్యలని మనం అనుకుంటాం. బాబాసాహెబ్ అంబేద్కర్ తన అనుభవాలు రాసుకున్న 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చదివితే రెండూ ఒకే గోడకు రెండు వైపులని తెలుస్తుంది. 1901లో ఆయన చిన్నపిల్లవాడు. కోరేగావ్‌లో పనిచేస్తున్న తండ్రి దగ్గరకు పోవడానికి అన్న, మేనల్లుడితో కలిసి మసూర్ స్టేషన్‌లో దిగాడు. మహర్లని తెలియగానే ఎడ్లబండ్ల వాళ్లు ఎక్కించుకోలేదు. చివరికి ఒకతను రెట్టింపు కిరాయికి ఒప్పుకున్నాడు. అదీ పిల్లలే బండి తోలుకోవాలి, తాను పక్కన నడుస్తానన్న షరతు మీద. ఆ తర్వాత విదేశాల్లో చదివి వచ్చి బరోడాలో ఉద్యోగంలో చేరిన మనిషికి ఊళ్లో గది దొరకలేదు. పార్సీ పేరు పెట్టుకుని పార్సీల సత్రంలో దిగితే పదకొండో రోజున కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు.

ఈరోజు బస్సులో పక్కన కూర్చోవద్దని బాహాటంగా అనేవాళ్లు తగ్గారు. కానీ బస్సు ఎక్కడ ఆగాలి, రోడ్డు ఏ వీధి దాకా పోవాలి, కాలనీకి ఏ భూమి కొనాలి అన్న నిర్ణయాల్లో కులం ఇంకా కూర్చునే ఉంది. వనపర్తిలోనో, గద్వాలలోనో చదువుకోవడానికి వచ్చి గది వెతుక్కునే విద్యార్థిని ఇంటి ఓనర్ అడిగే "మీరు ఏమోళ్లు?" అన్న ప్రశ్న బరోడా సత్రం నుంచి నేరుగా నడిచొచ్చిందే.

ఆదాయం లేని రూటు అనే సాకు

2016 అక్టోబర్ 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు విడిపోయాయి. జిల్లా ఆఫీసులు దగ్గరికొచ్చాయన్నది నిజం. మూడు జిల్లా కేంద్రాల్లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. కానీ 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ మూడు చోట్లా జనంలో అత్యధికులు పల్లెల్లోనే ఉన్నారు. పల్లెకు జిల్లా కేంద్రం దగ్గరయ్యేది బస్సుతోనే.

రైలు సంగతి చెప్పుకోవాలంటే, సికింద్రాబాద్ నుంచి కర్నూలు వైపు పోయే లైను గద్వాల మీదుగా వెళ్తుంది. వనపర్తి రోడ్ అనే స్టేషన్ వనపర్తి పట్టణంలో లేదు, మదనాపురం దగ్గర ఉంది. నాగర్‌కర్నూల్ పట్టణానికి రైలే లేదు. అంటే కూలికి, కోర్టుకు, ఆసుపత్రికి, కాలేజీకి పోవాలంటే ఆర్టీసీ బస్సో, సర్వీస్ ఆటోనో తప్ప దిక్కులేదు.

2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రం లోపల ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. ఇది చిన్న విషయం కాదు. రోజు కూలిలో చార్జీల కింద పోయే డబ్బు చేతిలో మిగలడమంటే ఏమిటో పత్తి చేలో పనిచేసే మన అక్కలకు తెలుసు. దీన్ని ఎగతాళి చేసేవాళ్లతో మనం గొంతు కలపకూడదు.

మనం అడగాల్సింది వేరే ఉంది. ఇన్నేళ్లూ లోపలి ఊళ్లకు ట్రిప్పులు తగ్గించినప్పుడల్లా చెప్పిన కారణం ఆదాయం రాదన్నదే. ఇప్పుడు ఆడవాళ్ల జీరో టికెట్‌కు డబ్బు కట్టాల్సింది ప్రభుత్వం. అలాంటప్పుడు పేదలు ఎక్కువగా ఎక్కే రూటు నష్టాల రూటు ఎట్లా అవుతుంది? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట, కొల్లాపూర్, కల్వకుర్తి డిపోలు ఈ ప్రాంతానికి ఉన్నాయి. ఏ ఊరికి రోజుకు ఎన్ని ట్రిప్పులు, స్టేజీ నుంచి ఎస్సీ కాలనీ ఎంత దూరం అన్న లెక్కను డిపోల ముందు పెట్టి అడిగిన రోజున సాకు నిలబడదు.

ఇంకో మాట. బస్సు లేని చోట ఆడపిల్ల ఆటోకు డబ్బు కడుతోంది, లేదా చదువు మానేస్తోంది. అంటే ఉచిత ప్రయాణం లాభం రోడ్డు పక్క ఊరికి ఎక్కువ, లోపలి వాడకు తక్కువ చేరుతోంది. మగపిల్లలకైతే ఆ జీరో టికెట్ కూడా లేదు.

గుంట జాగా, ముగ్గురు అన్నదమ్ములు

ఇళ్ల దగ్గరికి వద్దాం. 2015లో మొదలైన డబుల్ బెడ్‌రూమ్ పథకంలో సర్కారే 560 చదరపు అడుగుల ఇల్లు కట్టి ఇస్తానంది. వాడలు ఏళ్లకేళ్లు ఎదురుచూశాయి. 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం దారి మార్చింది. ఇప్పుడు ఇల్లు కట్టుకోవాల్సింది లబ్ధిదారు. సర్కారు నాలుగు విడతల్లో ఐదు లక్షలు ఇస్తుంది. నియోజకవర్గానికి 3,500 ఇళ్లు. తొలి విడతలో సొంత జాగా ఉన్నవాళ్లకే.

ఇక్కడ చిన్న లెక్క వేద్దాం. ఒక గుంట అంటే 121 చదరపు గజాలు, అంటే 1,089 చదరపు అడుగులు. ఒకప్పుడు తండ్రికి కాలనీలో గుంట జాగా పట్టా వచ్చిందనుకుందాం. ఆయనకు ముగ్గురు కొడుకులు. పంచుకుంటే ఒక్కొక్కరికి 363 చదరపు అడుగులు. ఇందిరమ్మ ఇల్లు కనీసం 400 చదరపు అడుగులు ఉండాలని నిబంధన. గోడకూ గోడకూ మధ్య సందు వదలకుండా కట్టినా ముగ్గురిలో ఇద్దరికే ఇల్లు పడుతుంది. మూడోవాడికి జాగా ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు. మొదటి జాబితాకు అతను పనికిరాడు, జాగా లేనివాళ్ల జాబితాలో పేరు ఎక్కుతుందన్న భరోసా కూడా లేదు.

జాగా ఉన్నవాళ్లకూ ఇంకో గండం ఉంది. పునాది పూర్తయితేనే తొలి లక్ష పడుతుంది. ఆ పునాదికి సిమెంటు, ఇసుక, కంకర ఎవరు ఇస్తారు? పొదుపు సంఘం అప్పు, లేకపోతే గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు. దేశంలోని ఎన్నో డ్యాములకు, కాలువలకు మట్టి మోసిన పాలమూరు లేబర్‌కు ఈ అడ్వాన్సు సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. అడ్వాన్సు తీసుకుంటే వలస పోవాలి. వలస పోతే సర్వేకు వచ్చినప్పుడు ఇంటికి తాళం ఉంటుంది, గ్రామసభ రోజున పేరు పిలిస్తే పలికేవాళ్లు ఉండరు. 2025 జనవరిలో ఊరూరా గ్రామసభలు పెట్టి జాబితాలు చదివారు. ఆ రోజున బొంబాయిలోనో, హైదరాబాద్ అడ్డా మీదనో ఉన్నవాళ్ల తరఫున ఎవరు మాట్లాడారన్నది ప్రతి వాడా వేసుకోవాల్సిన ప్రశ్న.

2023 ఆగస్టు 26న చేవెళ్లలో కాంగ్రెస్ పార్టీ ప్రకటించిన ఎస్సీ, ఎస్టీ డిక్లరేషన్ ఇల్లులేని ప్రతి దళిత, గిరిజన కుటుంబానికి ఇంటి జాగాతో పాటు ఆరు లక్షలు ఇస్తామంది. అందులో అసలు మాట జాగా. లక్ష తేడా గురించి అందరూ మాట్లాడుతున్నారు. జాగా గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

రోడ్డు వస్తే పోయేది ఎవరి ఇల్లు?

రోడ్డు లేకపోవడం ఒక సమస్య అయితే, పెద్ద రోడ్డు రావడం ఇంకో సమస్య. నాగర్‌కర్నూల్ జిల్లా చారగొండ మండలాన్నే తీసుకోండి. 2021లో దళితబంధు కోసం రాష్ట్రంలో ఎంపిక చేసిన నాలుగు మండలాల్లో అదొకటి. కుటుంబానికి పది లక్షల పథకంతో ఆ పేరు రాష్ట్రమంతా వినిపించింది. 2025లో అదే చారగొండలో 167వ జాతీయ రహదారి బైపాస్ కోసం పోలీసుల బందోబస్తు మధ్య ఇళ్లు కూల్చారు. ఇల్లు ఇచ్చే చెయ్యి, ఇల్లు కూల్చే చెయ్యి ఒకే సర్కారువని జనం చూశారు.

అభివృద్ధికి మనం వ్యతిరేకం కాదు. 2007 జనవరి 18న కృష్ణలో పడవ మునిగి 61 మంది చనిపోయారు. సోమశిల దగ్గర వంతెన కావాలని నదికి ఇరువైపులా జనం అడుగుతూనే ఉన్నారు. ఆ వంతెనకు కేంద్రం 2022 అక్టోబర్‌లో 1,082 కోట్లు మంజూరు చేసింది. మధ్యలో పదిహేనేళ్లు గడిచాయి. పేదవాడి ప్రయాణం అత్యవసరం కాదని చెప్పడానికి ఇంతకన్నా రుజువు వద్దు. వంతెన రావాలి, రోడ్డు రావాలి. ఎవరి ఇల్లు, ఎవరి చెలక తీసుకుంటున్నారో, బదులు ఏమిస్తున్నారో ముందే చెప్పాలి.

ఇప్పుడు డోర్నకల్ నుంచి గద్వాల దాకా కొత్త రైలు మార్గానికి సర్వే మంజూరైంది. అది వనపర్తి, నాగర్‌కర్నూల్ మీదుగా పోవాలన్నది ప్రతిపాదన. తరతరాల కోరిక ఇది. కానీ లైను పడే చోట అసైన్డ్ భూములు ఉంటే ఏమవుతుంది? "ఇది సర్కారు భూమి, మీకు నష్టపరిహారం రాదు" అనే మాట వినపడుతుంది. ఆ మాట చట్టం కాదు. 2004లో మేకల పాండు కేసులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం అసైన్డ్ భూమి తీసుకున్నా పట్టాదారుతో సమానంగా మార్కెట్ విలువ కట్టాలని తీర్పు ఇచ్చింది. ఈ తీర్పు కాపీ ప్రతి వాడలో ఉండాలి.

కొత్త జిల్లా కేంద్రాల చుట్టూ వెంచర్లు పెరిగిన చోట కూడా ఇదే జాగ్రత్త. 1977 చట్టం ప్రకారం అసైన్డ్ భూమి అమ్మకం చెల్లదు, కాగితం రాయించుకున్నా తిరిగి పేదకే దక్కాలి. సర్కారు దగ్గర ఇళ్ల జాగాలకు భూమి లేదని చెప్పే ఊళ్లలో, చేతులు మారిన లావణి పట్టాలు ఎన్ని అని అడగడం మన పని.

మన చేతిలో ఉన్నవి

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. సెక్షన్ 3(1)(జెడ్‌ఏ) ప్రకారం దళితులను రోడ్డు, దారి, ప్రజా రవాణా, శ్మశానం అందరితో సమానంగా వాడుకోనివ్వకపోవడం నేరం. బొందలగడ్డకు తొవ్వ మూసేసిన చోట ఇది సాధారణ గెట్టు తగాదా కాదు. 2017 నాటి ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వాడకు ఖర్చు కావాల్సిన డబ్బుకు లెక్క చెప్పమంటుంది. ప్రతి నెలా 30న ఊళ్లో పౌర హక్కుల దినోత్సవం జరపాలి. చాలాచోట్ల అది ఫొటోతో ముగుస్తోంది. దాన్ని ఈ ప్రశ్నలకు వేదిక చేసుకోవచ్చు.

విద్యార్థి మిత్రులకు ఒక పని. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ వాడలో ఐదు సంగతులు రాయండి. స్టేజీ నుంచి కాలనీకి ఎంత దూరం? రోజుకు బస్సులు ఎన్ని? ఒక్కో ఇంటి జాగాలో ఎన్ని కుటుంబాలు? ఇందిరమ్మకు దరఖాస్తు పెట్టి జాగా లేదని ఆగిపోయినవాళ్లు ఎందరు? శ్మశానానికి తొవ్వ ఉందా? ఈ లెక్కతో సమాచార హక్కు దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఆ లెక్క చేతికొస్తే మన డిమాండ్లు మూడే. ఆడపిల్లలు నడిచొచ్చే ప్రతి కాలనీ దగ్గర బస్సు ఆగాలి. ఇంటి మంజూరు కన్నా ముందు జాగా పట్టా ఇవ్వాలి, చిన్న జాగా ఉన్న అన్నదమ్ములకు మేడ మీద మేడ కట్టుకునే వెసులుబాటు పల్లె వాడలకూ అందాలి. రోడ్డుకైనా రైలుకైనా భూమి కొలిచే ముందు గ్రామసభలో పేర్లు చదవాలి.

నాగర్‌కర్నూల్ ఎస్సీ రిజర్వుడ్ పార్లమెంటు స్థానం. అందులోని ఏడు అసెంబ్లీ నియోజకవర్గాల్లో అలంపూర్, అచ్చంపేట కూడా రిజర్వుడే. మన ఓటుతో గెలిచినవాళ్లు మన స్టేజీ దగ్గర ఒక్క పొద్దున నిలబడితే చాలు. ఆ గట్ల మీద నడిచొచ్చే పిల్లలు వాళ్లకూ కనిపిస్తారు.

జై భీమ్.